ఎదురుచూసే గుండె

చెల్లెలి గుండెను మొదటిసారి తెర మీద చూసినప్పుడు సత్యవేణి కంప్యూటర్ తప్పు చెబుతోందని అనుకుంది.

విశాఖలో సముద్రానికి ఎదురుగా, కొండవాలులో ఉన్న గుండె ఆసుపత్రి పరిశోధనశాలలో ఆమె భౌతిక శాస్త్రవేత్త. ఎమ్మారై యంత్రంతో గుండె గదుల కొలతలు తీయడం ఆమె పని. కొట్టుకుంటున్న గుండెను అడ్డంగా పొరలు పొరలుగా చిత్రాలు తీసి, ఒక్కో పొరలో లోపలి గోడ వెంబడి గీత గీసి, అన్నీ కలిపితే గది ఎంత పెద్దదో తేలుతుంది. నిండినప్పుడు ఎంత రక్తం పడుతోంది, పిండినప్పుడు ఎంత బయటికి పోతోంది అన్నది చూస్తే చాలు, ఆ మనిషి మెట్లెక్కగలడా, బిడ్డను ఎత్తుకోగలడా అన్నది సత్యవేణి మనిషిని చూడకుండానే చెప్పేయగలదు.

ఈసారి ఆమె గీతలు మళ్లీ మొదటినుంచి గీసింది. అదే జవాబు వచ్చింది. కుమారి గుండెలో ఎడమ కింది గది గాలి ఊదిన బుడగలా ఉబ్బిపోయి ఉంది. గోడలు పలచబడిపోయాయి. మామూలు గుండె తనలో నిండిన రక్తంలో సగానికి పైగా ఒక్క దెబ్బలో బయటికి నెడుతుంది. ఇది నూటికి పదహారు వంతులు కూడా నెట్టలేకపోతోంది.

అద్దం అవతల, యంత్రం సొరంగంలోంచి కుమారి పాదాలు మాత్రం కనబడుతున్నాయి. నీరు పట్టి, వేళ్ల మధ్య సందు లేకుండా వాచిపోయిన పాదాలు. కాన్పయి మూడు నెలలు. పడుకుంటే ఆయాసం వస్తోందంటే విజయనగరంలో అందరూ బాలింత నీరసమన్నారు. భర్త సూరిబాబు ఆర్టీసీ కండక్టరు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి కుమారి గోడకు చేరబడి, కూర్చునే నిద్రపోతూ కనబడింది. పిల్లను ఒక చేత్తో, పెళ్లాన్ని ఒక చేత్తో పట్టుకుని నేరుగా వదినగారి దగ్గరికి తీసుకొచ్చేశాడు.

"అక్కా," మైకులో కుమారి గొంతు వినబడింది. "అయిపోయిందా? ఈ సప్పుడుకి తల పగిలిపోతోంది."

"అయిపోయిందే. ఇంకొక్కసారి ఊపిరి బిగబట్టు." తన గొంతు మామూలుగానే వచ్చినందుకు సత్యవేణికే ఆశ్చర్యం వేసింది.

గుండె వైద్యుడు జహీరుద్దీన్ ఆ చిత్రాలను చాలాసేపు చూశాడు. కడప మనిషి, మాట నెమ్మది. సత్యవేణితో కలిసి పనిచేయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆమెకు తీపిమాటలు చెప్పలేదు.

"మందులు మొదలుపెడదాం. గుండె మార్పిడికి పేరు రాయిద్దాం," అన్నాడు. "కానీ ఆ వరుస ఎప్పుడొస్తుందో మీకు తెలుసు. ఈ గుండె అంతకాలం ఆగుతుందని నేను చెప్పలేను."

"తోడు ఉంది కదా సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ సొంత చెల్లెలికా?"

"సొంత చెల్లెలు కాకపోతే ఇస్తారా, ఇవ్వరా?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఇస్తాడు. అది ఇద్దరికీ తెలుసు.

ఆ కొత్త వైద్యానికి తోడు అన్న పేరు సత్యవేణే పెట్టింది. మామూలు స్కానింగులో యంత్రం గుండె వెంట నడుస్తుంది. గుండె కొట్టుకునే క్షణం కోసం కాచుకుని చిత్రం తీస్తుంది. తోడులో అది తిరగబడుతుంది. ముందుగా సూదిమందులో కంటికి కనబడనంత సన్నటి ఇనుప రేణువులు ఎక్కిస్తారు. అవి వెళ్లి గుండె కండరానికి అతుక్కుంటాయి. యంత్రం ప్రతి దెబ్బకూ గదిని కొలుస్తూ, గోడ ముడుచుకోబోయే ముందు ఒక వెంట్రుకవాసి తేడాలో అయస్కాంతంతో దాన్ని లోపలికి సుతారంగా లాగుతుంది. అలసిన కండరానికి చెయ్యి అందించినట్టు. అలా కొన్ని వారాలు చేస్తే సాగిపోయిన గది తిరిగి ముడుచుకుంటుంది. కుక్కల్లో జరిగింది, మేకల్లో జరిగింది. మనుషుల్లో మొదటగా భీమునిపట్నం డ్రాయింగు మాస్టారు కొండలరావుగారికి జరిగింది.

ఆ మాస్టారే కుమారికి ధైర్యం చెప్పాడు. తనిఖీకి వచ్చిన రోజు బయట కుర్చీలో ముడుచుకుని కూర్చున్న ఆమె పక్కన చేరి, "నీకంటే నా గుండె పెద్దదమ్మా. గుమ్మడికాయంత," అన్నాడు. "ఇప్పుడు చూడు, ఎంత లక్షణంగా ఉందో. మనవరాలితో ఇసకలో పరిగెత్తుతున్నాను."

"లోపల బయం వెయ్యలేదా మాస్టారూ?"

"ఎందుకెయ్యదూ! శవపేటికలో పడుకోబెట్టి పైన డప్పు కొట్టినట్టుంటుంది. కాసేపటికి అలవాటైపోతుంది. తరవాత ఆ చప్పుడు లేకపోతేనే తోచదు."

కుమారి నవ్వింది. ఆసుపత్రిలో అడుగుపెట్టాక అదే మొదటి నవ్వు.

*

తోడు మొదలయ్యాక కుమారి, సూరిబాబు పెదవాల్తేరులో సత్యవేణి ఫ్లాటుకి మకాం మార్చారు. రోజు విడిచి రోజు కుమారిని యంత్రంలో పడుకోబెట్టేవారు. సూరిబాబు సెలవు పెట్టి పిల్లను చూసుకునేవాడు. టిక్కెట్లు కొట్టిన చేతులు పాలసీసాలు కడగడం నేర్చుకున్నాయి.

కొలతలు మారసాగాయి. ముందు పాదాల వాపు తగ్గింది. తరవాత కుమారి వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఆ పొద్దున సూరిబాబు ఆమెను లేపకుండా గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడట. నూటికి పదహారు ఇరవై ఆరయింది, ముప్ఫై ఎనిమిదయింది. తెర మీద ఆ గది దగ్గరపడుతుంటే సత్యవేణి గీతలు గీస్తూ, ఎవరూ చూడనప్పుడు, ఆ బొమ్మను వేలి చివరతో తాకేది. జహీరుద్దీన్ కూడా ఒకరోజు టీ తాగుతూ, "మన ఇద్దరం కలిసి ఒక మంచి పని చేశామేమో," అన్నాడు. అంత మాట ఆయన నోట రావడం గొప్పే.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో కుక్కరు పేలింది.

పప్పు పెట్టారు. గొట్టంలో ఏదో అడ్డుపడి ఆవిరి పోలేదు. పెద్ద చప్పుడుతో మూత ఎగిరి చిమ్నీకి తగిలి, వేడి పప్పు కప్పు దాకా చిందింది. పొయ్యికి రెండడుగుల దూరంలో కుమారి నిలబడి ఉంది. హాల్లో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. సూరిబాబు పరిగెత్తుకుంటూ వచ్చి గడప తగిలి పడ్డాడు. సత్యవేణి కుమారిని పొయ్యి దగ్గర నుంచి ఇవతలికి లాగింది.

"కాలిందా? ఏదీ, ఎక్కడ కాలింది?"

"ఏటీ కాలేదక్కా. నా మీద పడలేదు." కుమారి మొహం పాలిపోయింది. చేతులు వణుకుతున్నాయి. కానీ ఆమె వింతగా తన రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని, లోపలికి చెవి పెట్టినట్టు నిలబడింది.

"ఏమయిందే?"

"బయమేసింది. కాళ్లు సూడు, ఎలా వణుకుతున్నాయో. గుండె మాత్రం..." ఆమె అక్క వైపు చూసింది. "దీనికి తెలీనట్టున్నాది."

సత్యవేణి ఆమె మణికట్టు పట్టుకుంది. వేళ్ల కింద నాడి నింపాదిగా నడుస్తోంది. ఒకటి, ఒకటి, ఒకటి. వేగం లేదు. తడబాటు లేదు. చెమటతో తడిసిన ఆ చేతిలో అది వేరే ఎవరిదో నాడిలా ఉంది.

"అయితే గట్టిపడిపోయిందన్నమాట," అన్నాడు సూరిబాబు మోకాలు రుద్దుకుంటూ, సంతోషంగా. "దేనికీ అదరదు ఇంక."

సత్యవేణి ఇంకా ఆ మణికట్టు వదల్లేదు. ఆ లయ ఆమెకు తెలుసు. కొన్ని వారాలుగా అద్దం ఇవతల కూర్చుని ఆమె వింటున్న చప్పుడది. యంత్రం లయ.

*

మర్నాడు ఆమె కుమారి నాడి రికార్డులన్నీ తెర మీద పరిచింది. ఆరోగ్యంగా ఉన్న గుండె ఎప్పుడూ గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీలిస్తే కాస్త తొందరపడుతుంది, వదిలితే నెమ్మదిస్తుంది, ఒక మాటకు ఉలిక్కిపడుతుంది. మొదటి రోజు రికార్డులో ఆ మిణుకుమిణుకులన్నీ ఉన్నాయి. వారం వారానికీ అవి తగ్గిపోయాయి. చివరి రికార్డులో దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం ఒక్కలాగే ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. గది ఎంత పెద్దది, ఎంత పిండుతోంది అని కొలుస్తూ వచ్చారు గానీ ఎవరి మాట విని పిండుతోందో ఎవరూ చూడలేదు.

వెంటనే కొండలరావు మాస్టారికి ఫోన్ చేసింది. తోడు ముగిసి ఆయనకు రెండు నెలలు దాటింది.

"బాగానే ఉన్నానమ్మా. నిన్న మనవరాలి వెంట పరిగెత్తబోతే ఊపిరి అందలేదు, అంతే. కళ్లు తిరుగుతున్నాయి కాస్త. ఎండ కదా."

"మాస్టారూ, మీరు కదలకండి. పడుకోండి. మేం వస్తున్నాం."

సత్యవేణి, జహీరుద్దీన్ అంబులెన్సులోనే బయలుదేరారు. వాళ్లు వెళ్లేసరికి మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. పలకరింపుగా చెయ్యి ఎత్తాడు. జహీరుద్దీన్ నాడి చూసి, కళ్లు పైకెత్తి సత్యవేణి వైపు చూశాడు. నాడి సమానంగానే ఉంది. కానీ దెబ్బకూ దెబ్బకూ మధ్య చాలా ఎడం ఉంది. నేర్చుకున్న పాట మరిచిపోతున్నవాడు ఒక్కో మాటా తడుముకుంటున్నట్టు.

ఆసుపత్రికి చేర్చేసరికి ఆ ఎడం ఇంకా పెరిగింది. జహీరుద్దీన్ మెడలోంచి సన్నటి తీగ దించి గుండెకు విద్యుత్తు అందించాడు. ఏ గుండె అయినా దానికి ముడుచుకోవాలి. తెర మీద పైన గీత లేస్తోంది, అంటే విద్యుత్తు అందుతోంది. కింద బొమ్మలో గుండె గోడ కదలడం లేదు.

"పలకడం లేదు," అన్నాడు ఆయన. సత్యవేణి ఆయన గొంతులో భయం వినడం అదే మొదలు. "దాని భాషే మరిచిపోయింది. ఎమ్మారైకి తీసుకుపోదాం. పదండి, తొయ్యండి!"

స్ట్రెచరును యంత్రం గది తలుపు దాకా తోశారు. లోపలికి తీసుకువెళ్లేలోగానే గుండె ఆగిపోయింది. అది లాగే చెయ్యి కోసం ఎదురుచూస్తూ ఆగిపోయిందని అక్కడ ఇద్దరికే తెలుసు.

మాస్టారి భార్య వరహాలమ్మ ఆసుపత్రి నడవాలో బెంచీ మీద కూర్చుని ఉంది. సత్యవేణి దగ్గరికి రాగానే లేచి చేతులు జోడించింది. "మీరు సేసినంత సేసారమ్మా. ఈ రెండు నెలలూ ఎంత బాగున్నారో. పెళ్లయిన కొత్తలో ఉన్నట్టున్నారు," అంది. సత్యవేణి ఆ చేతులు పట్టుకుని దించింది. నిజం చెప్పడం మాత్రం ఆమె వల్ల కాలేదు. జహీరుద్దీనే వచ్చి, ఆమెను కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చుని, మా యంత్రం వల్లే ఆయన పోయారని ఒక్కో మాటా విడమరిచి చెప్పాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయింది.

*

"తోడు ఇవాళ్టితో ఆగిపోయింది. ప్రయోగాలకు అనుమతిచ్చే కమిటీకి చెప్పేశాను," అన్నాడు జహీరుద్దీన్.

"ఆపితే కుమారి కూడా..."

"తెలుసు. కొనసాగిస్తే ఆ గుండెకు తనంతట తాను కొట్టుకునే కాస్త జ్ఞాపకం కూడా పోతుంది. అదీ తెలుసు."

సత్యవేణి చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. తన చేత్తో, తన ప్రేమతో, తన తెలివితో చెల్లెల్ని అక్కడిదాకా నడిపించుకుని వెళ్లింది.

"వెనక్కి నడిపిస్తే?" అంది చివరికి. "ఇంతకాలం గుండె కంటే యంత్రం ముందుంది. ఇప్పుడు ఆలస్యం చేద్దాం. గోడను వెంటనే లాగకుండా కాస్త ఆగుదాం. ఆ కాస్తలో అదే ముడుచుకుంటుందేమో చూద్దాం. ముడుచుకోకపోతే లాగుదాం. యంత్రంలో ఉన్నంతసేపూ చనిపోదు కదా."

ఆయన ఆలోచించాడు. "దానికి కమిటీ అనుమతి నేను తెస్తాను. ఆమెకు మాత్రం అంతా చెప్పాలి."

సూరిబాబుకు ముందు చెప్పారు. అతను విన్నాడు. విన్నాక సత్యవేణి కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు.

"దానికి సెప్పకండి వదినా. మాస్టారు పోయారని తెలిస్తే బయంతోనే పోద్ది. మీకు దండం పెడతాను, సెప్పకండి."

దాచడం వద్దన్నాడు జహీరుద్దీన్. సత్యవేణి మాత్రం సూరిబాబు చూపుకి లొంగిపోయింది. సంతకం చేసేటప్పుడు కుమారి, "ఇదేటి, కొత్తదా?" అని అడిగితే, "యంత్రాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తామే, అంతే," అంది. అబద్ధం కాదు. నిజమూ కాదు.

*

యంత్రం గదిలోకి ఇనుప వస్తువేదీ తీసుకువెళ్లకూడదు. గుండెకు షాకు ఇచ్చే పెట్టె కూడా అంతే. అందుకని జహీరుద్దీన్ దాన్ని తలుపు బయట పెట్టుకుని నిలబడ్డాడు. ఏదైనా జరిగితే కుమారిని బయటికి లాక్కురావాలి. సూరిబాబు నడవాలో పిల్లను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. సత్యవేణి అద్దం ముందు కూర్చుంది.

తెర మీద కుమారి గుండె నల్లని గదిగా నిండుతోంది, ముడుచుకుంటోంది. బయట నేర్చుకున్న లయతో ఎలాగో నడిచిన గుండె, యంత్రం అందుకోగానే పనంతా దానికే వదిలేసింది; ప్రతిసారీ ముందు యంత్రం లాగుతోంది. సత్యవేణి మీట కొద్దిగా తిప్పింది. ఆలస్యం.

గది నిండింది. నిండి ఆగింది. గోడ కదల్లేదు. యంత్రం లాగింది, అప్పుడు ముడుచుకుంది.

మళ్లీ. నిండింది, ఆగింది, లాగితే కదిలింది.

మళ్లీ మళ్లీ అదే. ఒక్కసారి కూడా గోడ తనంతట తాను కదల్లేదు. చెప్పు, చేస్తాను అన్నట్టు నిండి నిలబడుతోంది.

"అక్కా." మైకులో కుమారి. "ఏటో తేడాగా ఉన్నాది. మద్దెమద్దెలో ఒళ్లు తేలిపోతన్నట్టు..."

"కొంచెంసేపు ఓర్చుకో."

"మాస్టారికి కూడా ఇలాగే సేశారా? ఈ వారం రాలేదేటి ఆయన?"

సత్యవేణి మైకు మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. తలుపు దగ్గర జహీరుద్దీన్ ఇటు తిరిగి చూశాడు.

"అక్కా? ఇనబడతందా? మాస్టారెలా ఉన్నారు?"

"పోయారే," అంది సత్యవేణి. ఆ మాట తనకు తెలియకుండానే వచ్చేసింది.

తెర మీద ఏదో మెదిలింది. గది నిండి ఆగింది. యంత్రం ఇంకా లాగలేదు. అంతలోనే గోడ ఒక మూల సన్నగా వణికింది, నిద్రలో కనురెప్ప అదిరినట్టు. తరవాతే యంత్రం లాగింది.

సత్యవేణి ముందుకు వంగింది. ఇంతసేపూ పలకనిది ఇప్పుడు పలికింది. మాస్టారిలో తీగతో విద్యుత్తు పంపినా పలకని కండరం కుమారిలో ఒక్క మాటకు అదిరింది. భయం ఇంకా ఏదో సన్నటి దారిలో అక్కడిదాకా వెళుతోంది. ఆ దారి ఇంకా మూసుకుపోలేదు.

"ఎలా పోయారు?" కుమారి గొంతు సన్నబడింది.

"సత్యవేణిగారూ!" జహీరుద్దీన్ దగ్గరికి వచ్చేశాడు. "ఆమె లోపల ఉండగా చెబుతారా?"

"అటు చూడండి సార్. గోడ చూడండి."

ఆయన చూశాడు. మళ్లీ వణికింది. ఆయన చెయ్యి ఆమె కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది. ఇంక వద్దనలేదు.

"కుమారీ, విను," అంది సత్యవేణి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "మాస్టారి గుండె ఆగిపోయింది. మా యంత్రం వల్లే. యంత్రం లాగుతుందని ఎదురుచూడటం నేర్చుకుని, తనంతట తాను కొట్టుకోవడం మరిచిపోయింది. నీ గుండె కూడా మరిచిపోయింది. నీకు చెప్పకుండా దాచాను. ఇప్పుడు నీ గుండెను నేను కొట్టిస్తున్నాను. నేనే. ఆపితే అది కొట్టుకుంటుందో లేదో నాకు తెలీదు."

సొరంగంలోంచి వచ్చిన శబ్దం మాట కాదు. ఆపద వస్తే నొక్కమని చేతిలో పెట్టిన రబ్బరు బంతిని కుమారి నొక్కుతోంది. కంట్రోలు గదిలో గంట మోగుతూనే ఉంది. పాదాలు సొరంగం అంచుకేసి కొట్టుకుంటున్నాయి.

"తియ్యి! నన్ను బయటికి తియ్యి! అక్కా, నీ కాళ్లు మొక్కుతాను, పిల్ల ఉన్నాదే నాకు..."

తెర మీద గోడ ఇప్పుడు ప్రతిసారీ వణుకుతోంది. మూల నుంచి మొదలై చుట్టూ పాకుతోంది. కానీ ముడుచుకోవడానికి చాలడం లేదు. ఆ వణుకు పూర్తయ్యేలోగా యంత్రం లాగేస్తోంది. సత్యవేణికి అర్థమైంది. యంత్రం ఉన్నంతవరకూ అది పూర్తిచెయ్యదు.

"ఇప్పుడు ఆపుతున్నానే," అంది. "నువ్వే కొట్టించుకోవాలి."

మీట పూర్తిగా తిప్పేసింది.

లాగే చప్పుడు ఆగిపోయింది. చిత్రాలు మాత్రం వస్తున్నాయి. గది నిండింది. ఇంకా నిండింది. గోడ సాగింది. వణికింది, ఆగింది. కుమారి అరుపు కూడా ఆగిపోయింది. జహీరుద్దీన్ తలుపు లాగి లోపలికి పరిగెత్తాడు. సత్యవేణి లేచి నిలబడింది. అద్దం మీద రెండు అరచేతులూ ఆనించి, మైకులో కాకుండా ఉత్త గొంతుతో, "కుమారీ!" అని అరిచింది.

గోడ ముడుచుకుంది.

ఒకవైపుకి, వంకరగా, నలిపిన కాగితంలా ముడుచుకుంది. మళ్లీ ఏమీ లేదు. మళ్లీ ఒకటి. వెంటనే రెండు, ఒకదాని మీద ఒకటి పడుతూ. తరవాత కాస్త ఆగి, అడ్డదిడ్డంగా, బెదిరిన మేకపిల్ల గెంతినట్టు పరుగు లంకించుకుంది. ఏ రెండు దెబ్బల మధ్యా ఒకే దూరం లేదు.

లోపల జహీరుద్దీన్ బల్ల బయటికి లాగాడు. కుమారి కళ్లు తెరిచే ఉన్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. రొమ్ము మీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి ఊపిరి లాగుతోంది.

"కొట్టుకుంటోందమ్మా," అన్నాడు ఆయన. ఆ మనిషి ఏడుస్తున్నాడు. "దడదడలాడుతోంది. ఎంతగానో దడదడలాడుతోంది."

*

అక్కడితో అయిపోలేదు. మర్నాడు గుండె మళ్లీ నెమ్మదించింది. మళ్లీ యంత్రంలో పెట్టాల్సివచ్చింది. ఈసారి ఎందుకో, ఏం జరగవచ్చో అన్నీ కుమారికి జహీరుద్దీన్ బయటే చెప్పాడు. కుమారి విని సంతకం చేసింది. అలా చాలాసార్లు. ప్రతిసారీ యంత్రం కొంచెం తక్కువ లాగేది, గుండె కొంచెం ఎక్కువ చేసేది. మూడు వారాల తరవాత తీగ ద్వారా ఇచ్చిన విద్యుత్తుకు కూడా గోడ పలికింది. ఆ రోజు సూరిబాబు నడవాలో కనబడిన ప్రతి మనిషికీ దండం పెట్టాడు.

సత్యవేణితో మాత్రం కుమారి మాట్లాడలేదు. ఇంటికి వెళ్లే రోజు సామాను సర్దుతుంటే ఒక్కసారి అంది. "సెప్పినందుకు కాదు. నన్ను అందులో పడుకోబెట్టి, కదల్లేకుండా సేసి సెప్పినావు. బయట సెప్తే నేను నీ సెయ్యి పట్టుకునుందును కదా."

బయట చెబితే ఆ గోడ అదిరినట్టు తెలిసేది కాదేమో. ఆ మాట సత్యవేణి చెల్లెలితో అనలేకపోయింది.

తోడును మూసేశారు. జరిగినదంతా ఆమె, జహీరుద్దీన్ కలిసి రాసి ఇచ్చారు. వేరే దేశాల్లో ఇలాంటిదే మొదలుపెట్టినవాళ్లు ఆపేశారని కబురు వచ్చింది. సత్యవేణి ఉద్యోగంలోనే ఉంది. కొలతలు తీస్తుంది. కానీ ఇప్పుడు కొత్త పేషెంటు వస్తే గీతలు గీసే ముందు బయటికి వెళ్లి, పక్కన కూర్చుని, భయంగా ఉందా అని అడుగుతుంది.

వానలు మొదలయ్యాక కుమారి తనిఖీకి వచ్చింది. "స్కానింగు అక్క సెయ్యొద్దు," అని జహీరుద్దీన్‌తో ముందే చెప్పింది. అందుకని సత్యవేణి ఆ రోజు మొదటిసారి అద్దం ఇవతల కాకుండా నడవాలో, అందరూ కూర్చునే బెంచీ మీద కూర్చుంది. సూరిబాబు పిల్లను ఆమె ఒడిలో పెట్టి టీ తేవడానికి వెళ్లాడు. పిల్ల ఆమె గాజులు లాగుతోంది. గోడ అవతల యంత్రం మోగుతోంది. ఆ చప్పుడును ఆమె వేల గంటలు విని ఉంటుంది, కానీ తెర కనబడకుండా వినడం ఇదే మొదలు. లోపల ఏం జరుగుతోందో తెలియకపోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. పిల్లను గట్టిగా పట్టుకుంది.

చప్పుడు ఆగింది. చాలాసేపటికి జహీరుద్దీన్ బయటికి వచ్చాడు.

"నూటికి ముప్ఫై ఒకటి," అన్నాడు. "తోడు ఉన్నప్పటి కంటే తక్కువే. గది మళ్లీ కాస్త పెరిగింది. మందులు వాడుతూ ఉండాలి, బరువులు ఎత్తకూడదు, మరో బిడ్డ వద్దు. ఎంతకాలమో చెప్పలేను. కానీ కొట్టుకునేది మాత్రం అదే."

ఆయన వెనకే కుమారి వచ్చింది. జుట్టు చెదిరి ఉంది. గుమ్మం దగ్గర గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. తరవాత నెమ్మదిగా నడిచి వచ్చి, మాట్లాడకుండా అక్క పక్కన కూర్చుంది. పిల్ల చేతులు చాచింది, కానీ కుమారి వెంటనే తీసుకోలేదు. అక్క మొహం చూసింది.

"ఏటలా అయిపోయావు? బయమేసిందా?"

"వేసింది."

"నాకూ ఏసింది," అంది కుమారి. అక్క చెయ్యి తీసుకుని తన రొమ్ము మీద పెట్టుకుంది. "ఇదుగో సూడు, ఎలా కొట్టుకుంటందో."